కంసాలి పాల్ రెవీర్

మంగినపూడి తీరమునకు సముద్రస్నానార్థము వచ్చువారు బందరు చేరి చిలకలపూడి నగలను చూడక మరలుట అరుదు. రాగి, ఇత్తడి తీగలపై పలుచని బంగారు పూత వేసి చేయు ఆ గొలుసులును, గాజులును, కమ్మలును యంత్రశాలలలో మాత్రమే పుట్టునవి కావు. పోతేపల్లి వద్ద నగల తయారీకై ప్రత్యేకముగ ఒక పారిశ్రామికవాడ ఏర్పడిన పిమ్మటను, తీగ చుట్టుట, కొక్కెములు అతుకుట, పూసలు గుచ్చుట మొదలగు పనులు గృహములలో జరుగుచునే యున్నవి. ఒకరి చేయి చూచి మఱియొకరు నేర్చుకొను ఈ విద్యకు పట్టా లేదు. పరీక్ష మాత్రము ప్రతిదినము కలదు. అతుకు నిలిచినదా, ఊడినదా యనునదే ఆ పరీక్ష.

ఇట్లు ఇంటి కుంపటియొద్ద విద్య నేర్చిన యొక కంసాలి చరిత్రమును మేము ఇచ్చట చెప్పబూనితిమి. ఆతని పేరు పాల్ రెవీర్. మన పాఠకులలో కొందఱికి ఆ నామము ఆంగ్లపద్యముల వలన తెలిసియే యుండును. లాంగ్‌ఫెలో కవి 1860వ సంవత్సరమున వ్రాసిన పద్యము ఆతనిని అర్ధరాత్రి గుఱ్ఱముపై పరుగిడిన వీరునిగ లోకమునకు చాటినది. ఆ స్వారి ఒక్క రాత్రి పని. సుత్తె పట్టిన కాలమో, అఱువది సంవత్సరములకు పైబడినది. కావున గుఱ్ఱమును గూర్చి కొంచెముగను, కుంపటిని గూర్చి విస్తారముగను వ్రాయుట న్యాయమని తలచితిమి.

ఆతని తండ్రి అపొలోస్ రివ్వార్ ఫ్రాన్సు దేశస్థుడు. 1685లో ఆ దేశపు రాజు ప్రొటెస్టంటులకు ఉన్న స్వాతంత్ర్యమును రద్దుచేసిన పిమ్మట అచ్చట వారి బ్రతుకు దుర్భరమయ్యెను. అపొలోస్ 13 ఏండ్ల బాలుడుగ నున్నపుడే తల్లిదండ్రులు వానిని దేశము దాటించిరి. ఆ బాలుడు అమెరికాలోని బోస్టను నగరము చేరి, జాన్ కోనీ అను ప్రసిద్ధుడైన స్వర్ణకారునియొద్ద శిష్యుడయ్యెను. పని నేర్చి, అంగడి పెట్టి, అచ్చటివారి నోటికి తిరుగునట్లు తన పేరును పాల్ రెవీర్‌గా మార్చుకొనెను. ఆతని కుమారుడే మన కథానాయకుడు. 1734 డిసెంబరులో జన్మించి తండ్రి పేరునే ధరించెను.

బాలుడు పాల్ కొన్ని యేండ్లు బడికి పోయి చదువను వ్రాయను నేర్చెను. తరువాతి చదువంతయు తండ్రి పనిబల్లయొద్దనే. ఆ పని ఎట్టిదో మన విద్యార్థులు కొంచెము తెలిసికొనుట మంచిది. వెండి మెత్తని లోహమేగాని, సుత్తె దెబ్బలు తినుకొలది బిరుసెక్కును. బిరుసెక్కిన రేకును ఇంకను కొట్టినచో అంచున చీలును. అందుచే కొంతసేపు కొట్టి, నిప్పులపై ఎఱ్ఱగా కాచి, చల్లార్చి, మరల కొట్టవలెను. ఒక్క బల్లపఱుపు రేకునుండి అతుకులేని గిన్నెను ఎత్తుటకు ఈ క్రమము అనేక పర్యాయములు జరుగవలసినదే. ఎంత కాచిన చాలును, ఎప్పుడు కరగిపోవును అనునది రంగును బట్టి కన్ను గుర్తింపవలెను. ఏ పుస్తకమును చెప్పజాలదు. కమ్మచ్చు రంధ్రములగుండ తీగను లాగి సన్నము చేయుటయు, వెలిగారము వేసి అతుకుటయు, ఆకురాయితో అంచులు నునుపు చేయుటయు ఇట్లే అలవడవలసిన పనులు. మన యూళ్ల కంసాలి యింటను ఈ పనిముట్లే, ఈ క్రమమే. సముద్రములు వేఱైనను లోహము స్వభావము ఒక్కటియే కదా!

ఆ కాలమున బోస్టనులో వెండి మేలిమిని పరీక్షించు ప్రభుత్వ కార్యాలయము లేకుండెను. గృహస్థులు తమ వెండి నాణెములను, పాత పాత్రలను తెచ్చి కంసాలి చేతిలో పోసెడివారు. పాత్ర అడుగున ఆతడు కొట్టిన పేరు ముద్రయే హామీ. కనుక ఆ ముద్ర వేయు హక్కుతో పాటు ఒక బాధ్యతయు తండ్రినుండి కుమారునకు సంక్రమించెను.

అది సంక్రమించిన దినము దుఃఖదినమే. 1754లో తండ్రి కాలధర్మము నొందెను. పాలునకు అపుడు 19 ఏండ్లు. 21 నిండనిదే తన పేర అంగడి నడపుటకు వీలులేదు. తల్లియు తమ్ములును చెల్లెండ్రును ఆ కుంపటినే నమ్ముకొనియుండిరి. తల్లి ఆసరాతో ఆతడు అంగడి మూతపడకుండ కాపాడెను. తమ్ముడు థామసునకు తానే పని నేర్పెను. 1756లో కొన్ని మాసములు ఫ్రెంచివారితో జరిగిన యుద్ధమునకు పోయి వచ్చి, మఱుసటి సంవత్సరము వివాహమాడి, సంసారమున స్థిరపడెను. ఆతనికి ఇద్దఱు భార్యలవలన (మొదటి యామె 1773లో మరణించిన పిమ్మట రెండవ యామెను పెండ్లాడెను) పదునాఱుగురు సంతానము కలిగిరి. ఇందఱి నోళ్లకు అన్నము పెట్టవలసిన చేయి ఒక్కటియే.

ఆ చేయి చేయని పని లేదు. ఉంగరములు, బొత్తములు, పూసలు, చెంచాలు, తేనీటి పాత్రలు, ఏది అడిగిన అది చేసెను. 1768లో ఆతడు చేసిన వెండిగిన్నె నేటికిని బోస్టను కళాప్రదర్శనశాలలో నున్నది. బ్రిటిషు ప్రభుత్వాజ్ఞకు లొంగని 92 మంది శాసనసభ్యుల గౌరవార్థము చేయబడిన ఆ గిన్నె తూకము 45 ఔన్సులు. కాని 1765 ప్రాంతమున వర్తకము క్షీణించి ఆతడు అప్పులపాలయ్యెను. అపుడు వెండిపై పూవులు చెక్కు ఉలితోనే రాగిరేకులపై చిత్రములు చెక్కి అచ్చువేయ మొదలిడెను. ఈ సందర్భమున ఒక మచ్చను దాచుట మాకు ఇష్టము లేదు. 1770లో బోస్టను వీధిలో సిపాయిలు ప్రజలపై కాల్పులు జరిపిన దృశ్యమును ఆతడు చెక్కి అమ్మెను. ఆ చిత్రరచన హెన్రీ పెల్హాము అనువానిది. అనుమతి లేక, పేరైన చెప్పక, ఆతని శ్రమఫలమును రెవీర్ ముందుగ అంగడి కెక్కించెను. సంసారభారము కారణమై యుండవచ్చునుగాని సమర్థనము కాజాలదు.

అదే కాలమున ఆతడు జాన్ బేకరు అను దంతవైద్యునియొద్ద కట్టుడుపండ్లు అమర్చుటయు నేర్చెను. గొలుసులకు తీగ లాగిన చేతికి పంటికి తీగ కట్టుట కష్టమా? తన మిత్రుడగు డాక్టరు జోసెఫ్ వారెనునకు అట్లు రెండు పండ్లు అమర్చెను. 1775 జూను 17న బంకర్ హిల్ యుద్ధములో వారెను హతుడయ్యెను; శత్రువులు ఆతనిని గుర్తు లేకుండ పాతిపెట్టిరి. మఱుసటి వసంతమున, బ్రిటిషువారు నగరము విడిచిన తరువాత, మిత్రులు త్రవ్వి చూడగా ముఖము గుర్తింపరాక యుండెను. రెవీర్ ఆ దవడను చూచి, తాను కట్టిన తీగను తాను గుర్తించెను. తన పనితనమును అట్లు చూడవలసిరాగా ఆతని మనస్సు ఎట్లుండెనో ఊహించుకొనవలసినదే. 1777లో పుట్టిన కుమారునకు జోసెఫ్ వారెన్ అని పేరు పెట్టెను.

ఇక స్వారి సంగతి. 1775 ఏప్రిలు 18 రాత్రి, బ్రిటిషు సేన కదలినదని తెలుపుటకై ఆతడు లెక్సింగ్టను వఱకు గుఱ్ఱముపై పోయి, పిమ్మట కాంకర్డు త్రోవలో పట్టుబడి విడువబడెను. 1779లో పెనాబ్‌స్కాటు దండయాత్ర విఫలము కాగా ఆతనిపై నింద పడెను. తానే విచారణ కోరి కోరి, 1782లో నిర్దోషియని తీర్పు పొందెను.

యుద్ధము ముగిసిన పిమ్మట ఆతడు పోతపనికి దిగెను. 1792లో తమ వీధి దేవాలయపు ఘంట పగిలెను. అప్పటికి ఆతనికి 57 ఏండ్లు. బాల్యమున తోడి పిల్లలతో కూడి దేవాలయమున ఘంటలు మ్రోగించిన అనుభవము కలదేగాని, పోసిన అనుభవము లేదు. అయినను పూనుకొని, సుమారు 900 పౌనుల ఘంటను పోసెను. నాదము కర్కశముగ వచ్చెను. ఆతడు ఆ ఘంటపై తన పేరును దాచక వేసి, ఏబింగ్టనులో ఘంటలు పోయు హోబర్టు కుటుంబము సాయము పొంది, లోహముల పాళ్లను, పోత విధానమును నేర్చెను. పేరుమోసిన కంసాలి అట్టి వయసున శిష్యుడగుట మాకు గుఱ్ఱపు స్వారికంటె పెద్ద సాహసముగ తోచుచున్నది.

తరువాతిది రాగి. కొయ్య ఓడల అడుగును పురుగులు తొలిచివేయును. రాగి రేకులు తాపడము చేసినచో నిలుచును. ఆ రేకులు ఇంగ్లండునుండియే రావలసియుండెను. రాగిని వేడిగానుండగా సాగగొట్టి మేకులు చేయు మర్మమును రెవీర్ ఎన్నియో ప్రయత్నములు చేసి సాధించెను. 1801లో, 66వ యేట, తనవగు 25,000 డాలర్లును, ప్రభుత్వమువారి ఋణము 10,000 డాలర్లును వెచ్చించి కాంటను గ్రామమున నీటి బలముతో తిరుగు రోలరు యంత్రములను స్థాపించెను. మన చిలకలపూడివారు వాడు రోల్డుగోల్డు అను మాటలోని రోలరు ఇదియే. బంగారు రేకును వేఱొక లోహముపై అతికి, రోలర్ల నడుమ నలిపి పలుచజేయుటవలన ఆ పేరు వచ్చినది. ఇప్పుడు పూత విద్యుత్తుతో వేయుచున్నను పాత పేరు పోలేదు. 1802లో బోస్టను శాసనసభామందిరపు గోపురమునకును, 1803లో కాన్‌స్టిట్యూషన్ అను యుద్ధనౌక అడుగునకును రెవీర్ యంత్రశాల రేకులే తాపడమయ్యెను. ఆ యోడ నేటికిని బోస్టను రేవున నిలిచియున్నది.

వృద్ధాప్యమున వ్యాపారమును కుమారుడు జోసెఫ్ వారెనునకు అప్పగించి, 1818 మే 10న, 83వ యేట ఆతడు మరణించెను. అంతకు రెండేండ్లకు ముందు, 1816లో, ఆ పోతశాల కింగ్స్ చాపెల్ అను దేవాలయమునకు 2,437 పౌనుల ఘంటను పోసి యిచ్చెను. ఆ శాలనుండి వెడలిన ఘంటలలో అదియే పెద్దది. అది యిప్పటికిని బోస్టనులో ఆ దేవాలయమునందే మ్రోగుచున్నది.