గ్రిగొరి చుఖ్రాయ్

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలనుండి ఎందరో యువకులు సైన్యమున చేరుచుందురు. సెలవు దొరకినపుడు రైలు దిగి, ఊరి త్రోవ పట్టి నడచివచ్చు కొడుకును దూరమునుండియే గుర్తించి, ఎదురేగు తల్లులను అచ్చటి బాలబాలికలు ఎరుగుదురు. అట్టి తల్లినే, వేల మైళ్ళ దూరమున, ఒక రష్యా పల్లెలో చూపి లోకమును కంటతడి పెట్టించిన చలనచిత్ర దర్శకుడు గ్రిగొరి చుఖ్రాయ్.

చుఖ్రాయ్ 1921వ సంవత్సరమున, నేటి ఉక్రెయిన్ దేశములోని మెలితోపోల్ పట్టణమున జన్మించెను. 1939లో సైన్యమున చేరెను. 1941లో జర్మనీ సేనలు సోవియట్ దేశముపై దండెత్తగా, అతడు విమానములనుండి పారాచూట్లతో దూకు దళమున పనిచేసెను. స్టాలిన్‌గ్రాడ్ పోరాటమున పాల్గొనెను. పలుమారులు గాయపడెను. 1945లో ఆ యుద్ధము ముగియునప్పటికి సోవియట్ దేశమున సుమారు 2 కోట్ల 70 లక్షలమంది మరణించిరి. చుఖ్రాయ్ ఈడువారు అనేకులు ఇండ్లకు తిరిగి రాలేదు. వారిని లోకము మరవకుండునట్లు చేయుట తన విధియని అతడు భావించెను.

యుద్ధానంతరము అతడు మాస్కోలోని చలనచిత్ర విద్యాలయమున చేరి, మిహాయిల్ రోమ్, సెర్గేయ్ యుత్కేవిచ్ అను ప్రసిద్ధ దర్శకులకు శిష్యుడయ్యెను. 1956లో తీసిన ‘నలుబదియొకటవవాడు’ అను చిత్రమున శత్రుపక్షమువానిని సైతము మానవునిగా చూపెను. మరుసటి సంవత్సరము ఫ్రాన్సులోని కాన్ ఉత్సవమున దానికి ప్రత్యేక బహుమతి లభించెను.

1959లో వెలువడిన ‘సైనికుని గాథ’ అతని కీర్తిని దేశదేశముల వ్యాపింపజేసెను. ఈ చిత్రమునకు మొదట పేరుగాంచిన నటుల నెన్నుకొనెను. కాని యుద్ధమునకు పోయినవారు లేబ్రాయపు పిల్లలని తానెరుగును. కావున వారిని మాని, అనుభవములేని ఇరువురు యువ విద్యార్థులను తీసికొనెను.

కథ చిన్నది. అల్యోషా అను పందొమ్మిదేండ్ల సైనికుడు శత్రువుల టాంకులు రెండింటిని ధ్వంసము చేయును. సేనాధిపతి పతకమీయబోగా, దానికి బదులు తల్లిని చూచి ఇంటికప్పు బాగుచేసి వచ్చుటకు సెలవు కోరును. ఆరు దినములు సెలవు దొరకును. కాని త్రోవలో కాలు పోయిన సైనికునకు తోడ్పడుట, తోడి సైనికుడు పంపిన సబ్బులను అతని యింట చేర్చుట మొదలగు పనులలో దినములు గడచిపోవును. తుదకు పొలమునుండి పరుగెత్తి వచ్చిన తల్లిని కౌగిలించుకొనుటకు కొన్ని నిమిషములే మిగులును. కప్పు అటులనే యుండును. అతడు యుద్ధమునుండి మరల రాడు. ఈ సంగతిని దర్శకుడు మొదటనే తెలుపును. కనుక అల్యోషా ఇతరులకు వెచ్చించిన ప్రతి గడియ విలువయు చూచువారికి తెలియుచుండును.

ఈ చిత్రము 1960లో కాన్ ఉత్సవమున బహుమతి పొందెను. 1961లో చుఖ్రాయ్‌కు లెనిన్ బహుమానము లభించెను. నాడు సోవియట్ దేశముతో వైరము వహించిన అమెరికాలోను దీని కథారచన ఆస్కార్ బహుమతి పరిశీలనకు ఎంపికయ్యెను.

యుద్ధరంగమున చూపిన ధైర్యమును అతడు శాంతికాలమునను విడువలేదు. 1963లో మాస్కో చలనచిత్రోత్సవమున న్యాయనిర్ణేతలకు అధ్యక్షుడుగా నుండెను. ఇటలీ దర్శకుడు ఫెలినీ తీసిన ‘ఎనిమిదిన్నర’ అను చిత్రము ఉత్తమమని తోచెను. అది ప్రభుత్వాధికారులకు రుచింపలేదు. ఒత్తిడి వచ్చినను చుఖ్రాయ్ వెనుదీయలేదు. ప్రథమ బహుమతి ఆ చిత్రమునకే దక్కెను.

2001వ సంవత్సరమున చుఖ్రాయ్ మాస్కోలో మరణించెను. అల్యోషా పతకమును కాదని తల్లిని చూచు సెలవును కోరెను. యుద్ధము చూచి వచ్చిన చుఖ్రాయ్ కూడ విజయభేరులను కాదని, ఆ సెలవు కథనే చెప్పెను. ఊరి త్రోవవైపు చూచుచు నిలిచిన ఆ తల్లి రూపమున, తిరిగిరాని తన తోడివారందరు నేటికిని జ్ఞాపకమునకు వచ్చుచున్నారు.