కాశీకి వెళ్తూ దారంతా రాసుకున్న దుబాసీ

మీ రెజ్యూమేలో హాబీల దగ్గర ట్రావెలింగ్ అని రాశారా? ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లలో చాలామంది రాస్తారు. తప్పేం లేదు. కానీ ఇంటర్వ్యూ బోర్డులో ఎవరో ఒకరు ఎక్కడెక్కడ తిరిగారు, అక్కడ ఏం గమనించారు అని అడిగారనుకోండి. అరకు, గోవా, ఊటీ అని మూడు పేర్లు చెప్పాక మాట ఆగిపోతుంది. వెళ్లడం వేరు, వెళ్లిన చోటును గమనించి ఇంకొకరికి పనికొచ్చేలా రాయడం వేరు. ఆ రెండో పనిని 1830లోనే చేసి చూపించిన తెలుగాయన ఒకరున్నారు. పేరు ఏనుగుల వీరాస్వామయ్య. పోటీ పరీక్షల గైడ్లలో 'కాశీయాత్ర చరిత్ర' రచయితగా, తెలుగులో తొలి యాత్రా గ్రంథం రాసిన వ్యక్తిగా మీకు ఒక్క లైన్లో తగిలే ఉంటారు. ఆ లైన్ బట్టీపట్టి వదిలేస్తే మాత్రం మంచి కథ మిస్సవుతారు.

ముందు ఆయన ఉద్యోగం సంగతి చూద్దాం. మన పేజీకి అదే దగ్గరి విషయం. వీరాస్వామయ్య సుమారు 1780 ప్రాంతంలో చెన్నపట్నంలో పుట్టారు. అదే ఇప్పటి చెన్నై. తొమ్మిదేళ్ల వయసుకే తండ్రి పోయారు. ఇంట్లో సంపాదించే దిక్కు లేదు. ఆ పిల్లాడు చేతికి దొరికిన ఒకే ఒక్క పనిముట్టును పట్టుకున్నాడు, ఇంగ్లిష్. పన్నెండేళ్లు వచ్చేసరికే ఆ భాష ధారాళంగా చదవగలిగేవాడట. ఆ వయసులోనే ఈస్టిండియా కంపెనీ వాళ్ల బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఆఫీసులో జీతం లేని వాలంటీరుగా చేరాడు. ఇప్పటి మాటలో చెప్పాలంటే అన్‌పెయిడ్ ఇంటర్న్. (దీన్ని చూపించి జీతం లేని ఇంటర్న్‌షిప్పులు గొప్పవని ఎవరైనా మీకు క్లాసు పీకితే నమ్మకండి. తండ్రి లేని పిల్లాడికి వేరే దారి లేక చేసిన పని అది.) అక్కడ ఆఫీసు పని నేర్చుకుని, ఇంకా మీసాలు రాని వయసులోనే తిరునెల్వేలి కలెక్టరు దగ్గర దుబాసీగా కుదిరాడు. తర్వాత ఒక్కో మెట్టూ ఎక్కుతూ మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్ అయ్యారు.

దుబాసీ అంటే రెండు భాషల మధ్య నిలబడే మనిషి. ఆ కోర్టులో జడ్జీలు ఇంగ్లిష్‌వాళ్లు. వాదులు, సాక్షులు మాట్లాడేది తెలుగో తమిళమో. సాక్షి చెప్పిన మాట జడ్జి చెవికి చేరేది దుబాసీ నోటి మీదుగానే. మధ్యలో ఒక్క మాట అటూ ఇటూ అయితే ఒకరి పొలం పోవచ్చు, ఇంకొకరు జైలుకు పోవచ్చు. అలాంటి చోట ఏళ్ల తరబడి పనిచేసినవాడికి ఒక అలవాటు పడుతుంది. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు, పెంచకుండా తగ్గించకుండా చెప్పడం. ఆయన యాత్ర పుస్తకం చదువుతుంటే ఆ కోర్టు అలవాటు ప్రతి పేజీలో కనిపిస్తుందని నాకనిపిస్తుంది.

ఇక ప్రయాణం. 1830 మే 18న, నడి వేసవిలో, ఆయన చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరారు. అప్పటికి వయసు యాభై. చేతిలో పెద్ద ఉద్యోగం. సెలవు పెట్టి మరీ కదిలారు. వెంట దాదాపు వందమంది. కుటుంబం వాళ్లు, సేవకులు, పల్లకీ మోసే బోయీలు, వాళ్లకు తోడు డేరాలు, వంట సామగ్రి. తిరిగి చెన్నపట్నం చేరింది 1831 సెప్టెంబర్ 3న. లెక్క వేసుకోండి, 473 రోజులు. మనిషికి రోజుకు అరకిలో బియ్యం అనుకున్నా వందమందికి 50 కిలోలు. మొత్తం ప్రయాణానికి 23 టన్నుల పైమాటే. రైలు లేదు. మన దేశంలో ప్రయాణికుల రైలు మొదలైందే 1853లో. ఏటీఎం లేదు, ముందే బుక్ చేసుకునే హోటల్ లేదు. అంటే ప్రతి సాయంత్రం వందమందికీ నీళ్లు, బియ్యం, కట్టెలు, తల దాచుకునే చోటు దొరికే ఊరు ఒకటి తగలాలి. తగలకపోతే అంతమందీ పస్తే.

అందుకే ఆయన రాసుకున్న తీరు అలా ఉంటుంది. ఒక ఊరు వస్తుంది. వెనకటి మజిలీ నుంచి ఎన్ని ఆమడలో, ఎన్ని కోసులో. దారి ఇసకా, రాళ్లా, రేగడి నేలా. మధ్యలో వాగులు ఎన్ని, దాటడం సులువా కష్టమా. అడవి ఉందా, దొంగల భయం ఉందా. ఊళ్లో అంగళ్లు ఉన్నాయా, వాటిలో ఏం దొరుకుతాయి. చెరువా, బావులా, ఆ నీళ్లు మంచివేనా. దిగడానికి సత్రం ఉందా, చావడి ఉందా, చెట్లతోపులో డేరాలు వేసుకోవాలా. ఆ తర్వాతే గుడి, దాని స్థలపురాణం, అక్కడి పంటలు, మనుషుల తీరు. మళ్లీ ఇంకో ఊరు.

నేను కూడా ట్రావెల్ పోస్టులు రాస్తుంటాను. సూర్యాస్తమయం ఫొటోలకు లైకులు వస్తాయి. కానీ జనం సేవ్ చేసుకునేది, నెలల తర్వాత కూడా వెతుక్కుంటూ వచ్చేది ఆఖరి బస్సు ఎన్నింటికి, రూమ్ ఎంత, ఘాట్ రోడ్డు తెరిచి ఉందా అన్న పోస్టులకే. వీరాస్వామయ్యకు ఈ సంగతి రెండు వందల ఏళ్ల క్రితమే తెలుసు. తన వెనక రాబోయే యాత్రికుడు ఎక్కడ తడబడతాడో ఊహించుకుని ఆ సమాచారం ముందే రాసి పెట్టారు.

ఆయన నడిచిన దారి మనలో చాలామందికి సొంత ఊరి దారే. చెన్నపట్నం నుంచి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాద్. అక్కడి నుంచి మేడ్చల్, రామాయంపేట, ఆర్మూరు, నిర్మల్, ఆదిలాబాద్ దాటి నాగపూర్. ఇప్పుడు మీరు 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్తే దాదాపు ఆయన అడుగుల మీదే వెళ్తారు. ఆ తర్వాత జబల్పూర్, ప్రయాగ, కాశీ. గంగ మీద పడవ ప్రయాణం కూడా చేశారు. గయ చూసుకుని కలకత్తా చేరారు. వెనక్కి మాత్రం వెళ్లిన దారిన రాలేదు. పూరీ జగన్నాథుణ్ని చూసి, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, నెల్లూరు మీదుగా తీరం వెంబడి ఇంటికొచ్చారు. అంటే ఒకే ప్రయాణంలో ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాలనూ పై నుంచి కింది దాకా చుట్టేశారన్నమాట.

డబ్బు సంగతులు చదువుతుంటే నాకు భలే ఆశ్చర్యం వేసింది. అప్పుడు దేశమంతా చెల్లే ఒకే రూపాయి లేదు. కంపెనీ ఏలుబడిలో ఒక నాణెం, నిజాం రాజ్యంలో ఇంకొకటి, నాగపూర్ భోంస్లేల దగ్గర మరొకటి. రాజ్యం మారినప్పుడల్లా షరాబు దగ్గర మార్చుకోవాలి, మార్చిన ప్రతిసారీ వట్టం పోతుంది. ఇప్పుడు మీరు ఫారిన్ వెళ్లేటప్పుడు ఫారెక్స్ కార్డు మీద పడే ఛార్జీలు చూసి తిట్టుకుంటారు చూడండి, అదే బాధ ఆయనకు హైదరాబాద్‌లో, నాగపూర్‌లో. ఏ ఊళ్లో ఏ నాణెం చెల్లుతుందో, మారకం ఎలా ఉందో కూడా రాసుకున్నారు.

వాటికి తోడు సుంకాలు. నిజాం రాజ్యంలో దారి పొడవునా ఆపి వసూలు చేసే రాహదారి సుంకాలతో ఆయనకు చాలా విసుగొచ్చింది. తీర్థాల దగ్గర ఇంకో రకం. ప్రయాగ, గయ, పూరీల్లో యాత్రికుల దగ్గర కంపెనీ ప్రభుత్వమే పన్ను తీసుకునేది. గుడికి వెళ్లాలన్నా, సంగమంలో మునగాలన్నా ముందు పన్ను కట్టాల్సిందే. ఆ యాత్రికుల పన్ను 1840లో రద్దయింది, ఆయన పోయిన నాలుగేళ్లకు. చరిత్ర మీ ఆప్షనల్ అయితే ఈ పన్ను గురించి సిలబస్‌లో చదివే ఉంటారు. దాన్ని చేత్తో కట్టిన మనిషి తెలుగులో రాసిపెట్టిన రికార్డు ఉందన్న సంగతి మాత్రం గైడ్లలో ఉండదు.

భయాలు కూడా తక్కువేం కావు. నాగపూర్ నుంచి జబల్పూర్ మీదుగా ఉత్తరానికి పోయే ఆ దారుల్లో ఠగ్గులు తిరిగేవారు. ప్రయాణికులతో స్నేహం నటించి, రాత్రి వేళ గొంతుకు గుడ్డ బిగించి చంపి దోచుకునే ముఠాలు అవి. సరిగ్గా ఆ ఏళ్లలోనే కంపెనీ ప్రభుత్వం వాళ్లను ఏరివేసే పని గట్టిగా మొదలుపెట్టింది. అలాంటి దారిలో వందమందిని వెంటేసుకుని, వాళ్ల ప్రాణాలకు పూచీపడి నడవడం అంటే మాటలు కాదు. మనం నలుగురు ఫ్రెండ్స్‌తో ట్రిప్ ప్లాన్ చేస్తేనే రెండో రోజుకు గొడవలు.

ఒక సంగతి మాత్రం దాచకుండా చెప్పుకోవాలి. ఆయన కంపెనీ కోర్టు ఉద్యోగి. ఆ జీతం తిన్న మనిషి కళ్లతోనే లోకాన్ని చూశారు. కంపెనీ పాలన ఉన్న చోట అంతా సవ్యంగా, సంస్థానాల్లో అంతా అస్తవ్యస్తంగా కనిపించడంలో కొంత నిజం ఉంది, కొంత ఆయన కూర్చున్న కుర్చీ మహిమ కూడా ఉంది. కులాల గురించి, ఆచారాల గురించి ఆయన రాసిన కొన్ని మాటలు ఇవాళ చదివితే మనకు రుచించవు. పుస్తకం పక్కన పెట్టేయమని నేను అనను. ఎవరు రాస్తున్నారు, ఎవరి దగ్గర పనిచేస్తూ రాస్తున్నారు అన్నది పక్కన పెట్టుకుని చదవండి. ఈ రోజుల్లో స్పాన్సర్డ్ ట్రావెల్ వీడియో చూసేటప్పుడు మీరు చేసేది అదే కదా.

ఇంతకీ ఇదంతా పుస్తకం ఎలా అయింది? మొదట ఇవి ఉత్తరాలు. చెన్నపట్నంలో ఆయనకు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై అనే స్నేహితుడు ఉండేవారు. దారిలో చూసిన విశేషాలన్నీ రాసి పంపుతానని ఆయనకు మాటిచ్చారు. దాన్ని పదిహేను నెలల పాటు నిలబెట్టుకున్నారు. రోజంతా పల్లకీలో కుదుపులు, సాయంత్రం వందమందికి బస చూసే పని, అయినా మళ్లీ కలం పట్టేవారు. మనలో ఎంతమంది మొదటి మూడు రోజులు డైరీ రాసి నాలుగో రోజు వదిలేశామో ఒకసారి గుర్తుచేసుకోండి.

స్నేహితుడికి రాసింది కాబట్టే ఆ భాష కూడా వేరుగా ఉంటుంది. అప్పటి పండితులు రాసే గ్రాంథికం కాదది. చెన్నపట్నంలో కచేరీల్లో, బజారుల్లో నలిగిన తెలుగు. ఉర్దూ మాటలు, ఇంగ్లిష్ మాటలు అలవోకగా కలిసిపోతాయి. గిడుగు రామమూర్తి వాడుకభాష ఉద్యమం రావడానికి ఇంకా డెబ్బై, ఎనభై ఏళ్లు ఉంది. మొదట్లో మీకు కొన్ని మాటలు అడ్డం పడతాయి. పది పేజీలు ఓపిక పట్టండి, తర్వాత ఒక పెద్దాయన పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది.

కోర్టు దుబాసీ కథ చదివి అలాంటి పనులు ఇప్పుడెక్కడున్నాయి అనుకోకండి. హైకోర్టుల్లో ట్రాన్స్‌లేటర్ పోస్టులకు నోటిఫికేషన్లు పడుతూనే ఉంటాయి. మన సుప్రీంకోర్టు తీర్పుల్ని తెలుగుతో పాటు ఇతర భారతీయ భాషల్లోకి అనువదించే పని కూడా నడుస్తోంది. మొదటి ముసాయిదా సాఫ్ట్‌వేర్ చేసినా సరిచూడ్డానికి మనిషి కావాలి. రెండు భాషలు నిజంగా వచ్చినవాళ్లు అనుకున్నంత ఎక్కువమంది లేరు. తెలుగు మీడియంలో చదివామని తల వంచుకునే ఫ్రెండ్స్ ఈ పోస్టుల సిలబస్ ఒకసారి తెరిచి చూడండి.

వీరాస్వామయ్య 1836 అక్టోబర్ 3న కన్నుమూశారు. తన ఉత్తరాలు అచ్చులో పుస్తకంగా రావడం ఆయన చూడలేదు. శ్రీనివాస పిళ్లై వాటిని ఒక చోట చేర్చి 1838లో అచ్చు వేయించారు. 1869లో రెండోసారి వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం దొరకలేదు. 1941లో దిగవల్లి వేంకట శివరావు వివరాలన్నీ జోడించి మళ్లీ తెచ్చారు. 1973లో ఇంగ్లిష్‌లోకీ వెళ్లింది.

ఇప్పుడైతే తెలుగు వికీసోర్స్‌లో ఫ్రీగా ఉంది. ఫోన్లోనే చదువుకోవచ్చు. ఇంకో పని కూడా చేయండి. ఆయన దారిలో ఉన్న ఊరు మీది అయితే దాని పేరు తెలుగు వికీపీడియాలో వెతకండి. చాలా గ్రామాల పేజీల్లో చరిత్ర అన్న శీర్షిక కింద కాశీయాత్ర చరిత్ర నుంచి తీసుకున్న సంగతులు కనిపిస్తాయి. 1830లో ఆ ఊళ్లో అంగళ్లు ఉన్నాయో లేవో, నీటికి చెరువుందో లేదో, వచ్చినవాళ్లు ఎక్కడ దిగేవారో. కొన్ని ఊళ్ల గురించి ఆ కాలంలో తెలుగులో రాసి ఉన్నది అదొక్కటే.