డోలోరెస్ ఊర్ల గంట కొట్టిన ఫాదర్

సెప్టెంబర్ 15, రాత్రి పదకొండు గంటలు. మెక్సికో సిటీల నేషనల్ ప్యాలెస్ బాల్కనీ మీదికి ఆ దేశ ప్రెసిడెంటు వస్తరు. స్వాతంత్ర్యం కోసం కొట్లాడినోళ్ల పేర్లు ఒక్కొక్కటి గట్టిగ పిలుస్తరు. కింద సోకలో మైదానంల ఇసుకేస్తె రాలనంత జనం ప్రతి పేరుకు వీవా అని గొంతు కలుపుతరు. ఎన్క గంట మోగుతది, పటాకలు పేలుతయి. 2025ల ఆ గంట తాడు గుంజింది క్లాడియా షేన్‌బామ్. ప్రెసిడెంటుగ ఒక ఆడమనిషి ఆ పని చేసుడు అదే మొదటిసారి.

రాజధానిలనే కాదు, ఊరూరికి మేయర్లు సుత గిట్లనే చేస్తరు. ఇండ్లల్ల మక్కలు, మాంసం కలిపి ఉడకబెట్టి పొసోలే వండుకుంటరు. తెల్లారి 16న మిలిటరీ పరేడ్. సోషల్ మీడియాల చూసి మే 5నే మెక్సికో స్వాతంత్ర్య దినం అనుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరు. అది వేరే ముచ్చట. 1862ల పుయెబ్లా కాడ ఫ్రాన్స్ ఫౌజును ఓడగొట్టిన రోజు అది.

ఈ గంట మాత్రం ఒక చిన్న ఊరి చర్చి గంట. 1896ల దాన్ని రాజధానికి తెచ్చి ప్యాలెస్‌కు కట్టిన్రు. అంతకుముందు అది డోలోరెస్ ఊర్ల ఉండె. దాన్ని మోగిపిచ్చినాయన పేరు మిగేల్ హిడాల్గో.

1753 మే 8న గువానహువాతో ప్రాంతంల ఒక పెద్ద ఎవుసం జాగీరుల పుట్టిండు. తండ్రి ఆ జాగీరుకు మేనేజరు. అంటే బీదోడేం కాదు. కానీ అప్పుడు మెక్సికో స్పెయిన్ చేతికింద ఉండె. స్పెయిన్ల పుట్టినోళ్లకే పెద్ద కొలువులు, వాళ్ల రక్తమే అయినా ఇక్కడ పుడితె రెండో వరుస. అసలు నేల బిడ్డలైన ఇండియన్లు పన్ను కట్టాలె, నల్లజాతోళ్లల్ల కొందరు బానిసలుగ బతకాలె.

హిడాల్గో చదువుల శానా హుషారు. తోటి పిలగాండ్లు నక్క అని పేరు పెట్టిన్రు. 1778ల ఫాదర్ అయ్యిండు. తర్వాత తను చదివిన కాలేజీకే పెద్ద అయ్యిండు, 1792ల ఆ కుర్చీ ఇడిశిపెట్టి పోయిండు. శాన్ ఫెలిపే ఊర్ల ఉన్నప్పుడు ఫ్రెంచి నాటకాలు ఆడిపిచ్చిండు. పాటలు, డాన్సులు, పత్తాలాట, అన్ని ఉండె ఆయన ఇంట్ల. పెద్దోళ్లు, పేదోళ్లు ఒక్కతాననే కూసునేటోళ్లు. ఇది చూసి కడుపు మండినోళ్లు మతం కోర్టుకు ఫిర్యాదు చేసిన్రు. విచారణ నడిచింది గని ఏం తేలలే.

1803ల డోలోరెస్‌కొచ్చిండు. నన్నడిగితె ఆయన బతుకుల అన్నిటికన్న మంచి కాలం ఇదే. ప్రార్థనల పని సగం వేరే ఫాదర్లకు అప్పజెప్పి, తను ఊరోళ్లకు పని నేర్పుడు షురూ చేసిండు. కుండలు, ఇటుకలు చేసుడు, తోళ్ల పని, వడ్ల పని, తేనెటీగలు, పట్టుపురుగులకు మల్బరీ చెట్లు, ద్రాక్ష తోటలు. స్పెయిన్ యాపారం దెబ్బతినొద్దని ఈ దేశంల ద్రాక్ష, ఆలివ్ సాగుకు సర్కారు అడ్డుపుల్లలు పెట్టిన రోజులవి. ఆయన ఇండియన్ల భాషల మాట్లాడేటోడు. అందుకే తర్వాత ఆయన పిలిస్తె జనం కదిలిన్రు. ఉపన్యాసాలకు ఎవ్వలు కదలరు.

1808ల నెపోలియన్ స్పెయిన్ రాజును పట్టి కూసోబెట్టిండు. ఇక్కడ కెరేతారో పట్నంల కొందరు గుట్టుగ కలుసుకునుడు మొదలుపెట్టిన్రు. ఫౌజు ఆఫీసర్లు అయేందె, అల్దామా, కలెక్టరసోంటి పెద్ద ఆఫీసరు భార్య హోసెఫా ఓర్తిస్. హిడాల్గో సుత అండ్ల కలిసిండు. 1810 సెప్టెంబర్‌ల ముచ్చట బయటపడ్డది. హోసెఫా మొగడు ఆమెను ఇంట్లనే తాళమేసి పెట్టిండు. అయినా ఆమె ఊకోలే, కబురు పంపింది. 16 తారీఖు, ఆదివారం, తెల్లారక ముందే అల్దామా గుర్రం మీద డోలోరెస్ చేరిండు.

పారిపోవుడా, తిరగబడుడా? ఫాదర్ తిరగబడుడే అన్నడు. జైలు తలుపులు తీపిచ్చిండు, గంట కొట్టిపిచ్చిండు. ఆయన ఆ పొద్దు ఏం మాట్లాడిండో రాసిపెట్టినోళ్లు లేరు. ఇప్పుడు బాల్కనీల మీద ఇనేది ఆ ఎన్క కూర్చుకున్నదే.

కొడవండ్లు, ఈటెలు, కట్టెలు పట్టుకొని జనం నడిచిన్రు. దారిల అతోతోనిల్కో చర్చిల గ్వాదలూపే మాత బొమ్మ తీసుకొని దాన్నే జెండా చేసిన్రు. సెప్టెంబర్ 28న గువానహువాతో ఊరి మీద పడ్డరు. అక్కడి అధికారి రియాన్యో హిడాల్గోకు దోస్తు. ఆయన స్పెయినోళ్లను తీసుకొని అలోందిగా అనే పెద్ద ధాన్యం గోదాంల తలుపులేసుకున్నడు. ఒక గని కూలీ వీపుకు రాతి పలక కట్టుకొని పోయి తలుపు కాలబెట్టిండని చెప్పుకుంటరు. లోపటికి పోయిన జనం వందలమందిని చంపిన్రు, ఊరంత లూటీ చేసిన్రు. దోస్తు సుత సచ్చిండు. పండుగ రాత్రి ఈ ముచ్చట ఎవ్వలు ఎత్తరు. ఎత్తాలె అంట నేను. గ్వాదలహారాల బందీలను రాత్రిపూట తీస్కపోయి చంపింది ఆయన ఆర్డరు మీదనే. విచారణల ఆయనే ఒప్పుకుండు.

అదే గ్వాదలహారాల డిసెంబర్ 5, 6 తారీఖులల్ల ఇంకో రకం ఆర్డర్లిచ్చిండు. బానిసలను పది రోజులల్ల ఇడిశిపెట్టాలె, లేకుంటె యజమానికి మరణశిక్ష. ఇండియన్ల మీది పన్ను రద్దు. ఇండియన్ల ఊర్ల ఉమ్మడి భూములు ఇగ కౌలుకియ్యొద్దు, దున్నేది ఆ ఊరోళ్లే. ఒక్క మనిషి చేతితోనే ఈ రెండు రకాల ఆర్డర్లు!

అంతకుముందు అక్టోబర్ 30న మోంతె దె లాస్ క్రూసెస్ కొండ మీద గెలిచిన్రు. కొండ దిగితె రాజధానే. అయినా ఎనుకకు మళ్లిండు. అయేందెకు అది మింగుడు పడలే. 1811 జనవరి 17న కాల్దెరోన్ వంతెన కాడ ఘోరంగ ఓడిన్రు, అయేందె ఫాదర్ చేతిలకెల్లి సేనాధిపత్యం గుంజుకుండు. ఉత్తరానికి పోతాంటె మార్చి 21న నమ్మినోడే పట్టిచ్చిండు. ఫాదర్ పదవి ఊడగొట్టి, జులై 30న చివావాల కాల్చి చంపిన్రు. జైల్ల తనను మంచిగ చూసుకున్నోళ్లకు బొగ్గుతోటి గోడ మీద కవిత రాసి పోయిండు.

హిడాల్గో, అయేందె, అల్దామా, హిమేనెస్, నలుగురి తలకాయలు ఇనుప పంజరాలల్ల పెట్టి అలోందిగా నాలుగు మూలలకు యాలాడదీసిన్రు. 1821 దాక అక్కడ్నే ఉన్నయి. స్వాతంత్ర్యం ఖాయం చేసినోడు ఎవలనుకున్నరు? ముందుగాల్ల ఈ తిరుగుబాటోళ్ల మీదనే కొట్లాడిన ఇతుర్బిదే.

ఆ గోదాం ఇప్పుడు మ్యూజియం. పంజరాలు తగిలిచ్చిన కొక్కేలు ఇంకా గోడలకు ఉన్నయి, ఏ మూలకు ఎవల తల ఉండెనో పేరు రాసి.