వైఎస్: రూపాయి డాక్టర్ నుంచి చిన్నారుల గుండె ఆపరేషన్ల దాకా..

వైఎస్ రాజశేఖరరెడ్డి అనగానే పంచెకట్టు, పాదయాత్ర, ఉచిత కరెంటు గుర్తుకొస్తాయి. కానీ ఆయన చదివింది డాక్టరీ. గుండె సర్జన్ కాకపోయినా, తెలుగునాట పేద పిల్లల గుండె ఆపరేషన్ల గురించి చెప్పుకోవాలంటే ఆయన పేరు రాకుండా ఉండదు.

1949 జూలై 8న జమ్మలమడుగులో పుట్టిన వైఎస్, గుల్బర్గాలో ఎంబీబీఎస్, తిరుపతిలో హౌస్ సర్జన్సీ చేశారు. కొన్నాళ్లు జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలో మెడికల్ ఆఫీసర్‌గా పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరుతో ఆస్పత్రి పెట్టారు. ఫీజు రూపాయే తీసుకునేవారని, అందుకే రూపాయి డాక్టర్ అన్న పేరొచ్చిందని అక్కడి జనం చెప్పుకుంటారు. ఐదేళ్లకే, అంటే 1978లో ఎమ్మెల్యే అయ్యారు.

రూపాయి ఫీజుతో జ్వరానికి మందు ఇవ్వొచ్చు. గుండెకు రంధ్రంతో పుట్టిన బిడ్డ సంగతి వేరు. మంచి రక్తం, చెడు రక్తం కలిసిపోతాయి. కొందరు పిల్లలకు పెదాలు నీలంగా మారతాయి, నాలుగడుగులు నడిస్తే ఆయాసం. ఛాతీ తెరిచి, గుండెను ఆపి, ఆ కాసేపు హార్ట్ లంగ్ మెషీన్ మీద రక్తం నడిపిస్తూ రంధ్రం పూడ్చాలి. సర్జన్ ఒక్కడు చాలడు. మత్తు డాక్టరు, మెషీన్ నడిపే పెర్‌ఫ్యూజనిస్టు, ఐసీయూ నర్సులు.. ఇంతమంది కావాలి. వానల్లేని సీమలో కూలికి పోయే కుటుంబానికి ఆ బిల్లు కట్టడం అయ్యే పని కాదు.

2003 ఎండాకాలంలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన వైఎస్, 2004 మేలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తర్వాత పిల్లల గుండె ఆపరేషన్లకు సర్కారే డబ్బు కట్టింది. సీఎం సహాయ నిధికి అర్జీలు వెల్లువెత్తాయి. 2007 జూన్ నాటికి దాదాపు 55 వేల మందికి సుమారు రూ.168 కోట్లు ఇచ్చారు. అర్జీ పెట్టుకుని, సంతకం కోసం ఎదురుచూసే పద్ధతితో ఎంతమందిని కాపాడగలరు?

అందుకే 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, ఏడాదికి రూ.2 లక్షల దాకా వైద్యం. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరుండి కాగితాలు చూసుకుంటారు. మరుసటి ఏడాదికి పథకం రాష్ట్రమంతా విస్తరించింది.

విమర్శలూ గట్టిగానే వచ్చాయి. ప్రజల సొమ్ము కార్పొరేట్ ఆస్పత్రులకు పోతోందని, అదే డబ్బుతో జిల్లా ఆస్పత్రుల్లో ఆపరేషన్ థియేటర్లు బాగుచేయొచ్చని చాలామంది అన్నారు. అందులో నిజం లేకపోలేదు. కార్డు చేతిలో ఉన్నా, గుండె ఆపరేషన్ కోసం కర్నూలు నుంచి 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చేది.

2009 సెప్టెంబర్ 2న చిత్తూరు జిల్లా రచ్చబండకు బయల్దేరిన హెలికాప్టర్ కర్నూలు జిల్లా నల్లమలలో, పావురాలగుట్ట దగ్గర కూలిపోయింది. వైఎస్‌తో పాటు మరో నలుగురు చనిపోయారు. కడప జిల్లా ఇడుపులపాయలో ఆయన అంత్యక్రియలు జరిగాయి.

ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, వాటితో పాటే పథకం పేరూ మారుతూ వచ్చింది. రూ.2 లక్షలతో మొదలైన పరిమితి 2023 డిసెంబర్‌లో రూ.25 లక్షలకు చేరింది. 2021లో తిరుపతిలో టీటీడీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరుచుకోవడంతో కడప పిల్లలకు దూరం కాస్త తగ్గింది. కొన్ని రకాల రంధ్రాలకైతే ఇప్పుడు ఛాతీ కోయక్కర్లేదు, తొడ దగ్గరి రక్తనాళం గుండా గొట్టం పంపి మూసేస్తున్నారు. అయితే బిల్లుల బకాయిలు పేరుకున్నప్పుడల్లా ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపేస్తామంటున్నాయి. ఆపరేషన్ తేదీ కోసం ఎదురుచూసే తల్లిదండ్రులకు ఆ వార్త చాలు, ఆ రాత్రి నిద్ర పట్టదు.