కలియుగ భీముడు

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎడ్లు బండ లాగు పందెమును చూడని పిల్లలు ఆదోని ప్రాంతమున అరుదు. అందు కండగల జతయే యెల్లప్పుడును గెలువదు. రెండెడ్లును ఒక్క క్షణమున మెడ వంచి అడుగు వేసినగాని బండ కదలదు. మనుష్య దేహమందలి కండరములకును ఇదే ధర్మము. దానిని తన దేహముననే నిరూపించిన తెలుగువాడు కోడి రామమూర్తినాయుడు.

ఆయన 1880 దశాబ్దపు తొలి యేండ్లలో, నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టమున జన్మించెను. బాల్యముననే తల్లి గతించుటచే, తండ్రి వెంకన్ననాయుడు ఆయనను విజయనగరమున పోలీసు శాఖలో నున్న పినతండ్రి నారాయణస్వామి యొద్ద కంపెను. బాలునకు చదువుకంటె తాలింఖానాపై మక్కువ హెచ్చు. దండీలు, బస్కీలు, కుస్తీపట్లు నిత్యకృత్యములయ్యెను. పిమ్మట మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమునకు మరలివచ్చి వ్యాయామోపాధ్యాయుడయ్యెను. కొంతకాలమునకు పొట్టి పంతులు అను మిత్రుని తోడ్పాటున సర్కసు నెలకొల్పి ఊరూర ప్రదర్శనము లిచ్చెను.

ఆయన రెండు మోటారుకార్లను గొలుసులతో తన చేతులకు కట్టించుకొని, వానిని ఎదురెదురు దిక్కులకు నడుపుడని చెప్పెడివాడు. చక్రములు తిరిగినను కార్లు ముందునకు సాగెడివి కావు. ఇందు మాయ యేమియు లేదు. ఇరువైపుల లాగుడు సమానముగ నున్నంతవరకు దేహము ఏ వైపునకును పోదు. కాని ఆ భారమంతయు భుజముల కీళ్లపై బడును. వానిచుట్టు నున్న కండరములు ఒక్కుమ్మడిగ బిగిసి యుండవలెను. వానిలో నొక్కటి క్షణకాలము జాగుచేసినను కీలునకు దెబ్బ తగులవచ్చును. కండరములకు ఇట్టి పొత్తు నేర్పునవి నరములు. సాధన మొదలిడిన తొలి వారములలో, కండ పెరుగకమునుపే బలము హెచ్చుటకు కారణమిదియేనని నేటి వ్యాయామ శాస్త్రము చెప్పుచున్నది.

ఛాతికి చుట్టిన ఇనుప గొలుసును ఆయన ఊపిరి పూరించి త్రెంచెడివాడు. ఏనుగును ఛాతిపై నిలుపుకొనెడివాడు. ప్రాణాయామమే తన బలమునకు మూలమని ఆయన నమ్మకము. ఊపిరి బిగబట్టినపుడు ఛాతిలోను, పొట్టలోను పీడనము హెచ్చి వెన్నునకు ఆసరా యగుట నిజమే. అయితే రక్తపు పోటును అమాంతముగ పెరుగును. బాలురు గురువు లేక ఇట్టి సాహసములకు దిగరాదు. ఇంతటి బలశాలి శాకాహారి యనిన పలువురు ఆశ్చర్యపడుదురు.

లండనులో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట ప్రదర్శనమిచ్చి ఆయన ఇండియన్ హెర్క్యులీసు అను బిరుదు నందెను. స్వదేశీయులు కలియుగ భీముడనిరి.

కడపట కాలి పుండు ముదిరి, కాలు తీసివేయవలసి వచ్చెను. శస్త్రచికిత్సకు మత్తుమందు వలదనెనని చెప్పుకొందురు. అది యెంత నిజమో గాని, అటుపిమ్మట ఆయన ప్రదర్శనములు ముగిసెను. 1942లో ఒరిస్సాలోని బలంగీరున కన్నుమూసెను. విశాఖపట్టణపు సముద్రతీరమున నేడు ఆయన విగ్రహమున్నది.