ఈవా మేరీ సెయింట్‌కు నూరు వసంతాల శుభాకాంక్షలు

2024 జూలై 4. స్వాతంత్ర్య దినోత్సవమని అమెరికా ఊరూరా బాణసంచా కాల్చే రోజున ఈవా మేరీ సెయింట్ శతవసంతాలు పూర్తి చేసుకున్నారు. మర్లన్ బ్రాండో పక్కన, క్యారీ గ్రాంట్ పక్కన కథానాయికగా నటించిన మనిషి నూరో పుట్టినరోజు జరుపుకోవడం సినిమా ప్రియులందరికీ పండగే.

న్యూజెర్సీలోని నెవార్క్‌లో పుట్టిన ఆమె టీచరు ఉద్యోగం చేద్దామనుకున్నారు. ఒహాయోలో కాలేజీ చదువు ఆమెను నాటకాలవైపు మళ్లించింది. ఆ తర్వాత న్యూయార్క్‌లో, అప్పుడప్పుడే నడక నేరుస్తున్న టెలివిజన్‌లో చేరారు. అప్పట్లో టీవీ నాటకాలన్నీ ప్రత్యక్ష ప్రసారాలే. తడబడితే రెండో టేకు ఉండదు.

ఆ అనుభవం 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్'లో అక్కరకొచ్చింది. ఆమెకది తొలి సినిమా. ఎలియా కజాన్ దర్శకుడు. హోబోకెన్ రేవులో, వణికించే చలిలో తీశారు. సోదరుణ్ణి పోగొట్టుకున్న ఈడీ (ఈవా), ఆ చావులో తనకూ పాలుందని చెప్పలేక నలిగిపోయే టెర్రీ (బ్రాండో) పార్కులో నడుస్తుంటారు. ఆ సన్నివేశం రిహార్సల్‌లో ఆమె గ్లౌజు చేజారింది. బ్రాండో తీశాడు, తిరిగివ్వలేదు. ఉయ్యాల మీద కూర్చుని, దాన్ని తన చేతికే తొడుక్కున్నాడు. కజాన్ దాన్ని అలాగే సినిమాలో ఉంచేశాడు. అందరూ బ్రాండో చమత్కారాన్నే మెచ్చుకుంటారు. నేనైతే ఆమెనే చూస్తాను. వెళ్లిపోవాలి, గ్లౌజేమో అతని దగ్గర, ఉండాలనీ ఉంది. ఇదంతా ఒక్క మాటా లేకుండా ఆమె ముఖంలోనే తెలిసిపోతుంది.

ఆ పాత్రకు ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ వచ్చింది. 1955 మార్చి 30న నిండు గర్భిణిగా వేదికెక్కి, కాన్పు ఇక్కడే అయిపోతుందేమోనని చమత్కరించారు. రెండు రోజులకే కొడుకు పుట్టాడు.

1959లో వచ్చిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్' కోసం దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఆమెను గొంతు తగ్గించమన్నాడు, చేతులు ఊపవద్దన్నాడు, క్యారీ గ్రాంట్ కళ్లలోకే చూడమన్నాడు. దుస్తులూ దగ్గరుండి ఎంపిక చేశాడు. ఇకపై వంటింటి కష్టాల పాత్రలు వద్దనీ చెప్పాడు. ఆమె వినలేదు, మంచిపనే చేశారు. మెరుపు పాత్రల కోసం పరుగులూ పెట్టలేదు. దర్శకుడు జెఫ్రీ హేడెన్‌తో 1951లో మొదలైన కాపురం ఆయన పోయేదాకా 65 ఏళ్లు సాగింది.

2018లో, 93 ఏళ్ల వయసులో, మళ్లీ ఆస్కార్ వేదికెక్కారు. హాలంతా లేచి నిలబడింది. హిచ్‌కాక్‌ను తాను ఫ్రెడ్ అని పిలిచేదాన్నని చెప్పి అందరినీ నవ్వించారు.

ఈవా మేరీ గారూ, మీకు హృదయపూర్వక అభినందనలు!