పాట చూపిన త్రోవ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణ దిశను మిసిసిపి అను రాష్ట్రము కలదు. అది ప్రత్తిపంటకు పేరు పొందిన సీమ. పూర్వము ఆఫ్రికా నుండి బలవంతముగా తేబడిన నల్లజాతివారును, వారి సంతతివారును ఆ ప్రత్తిచేలలో బానిసలై పాటుపడిరి. 1865వ సంవత్సరమున బానిసత్వము చట్టముచే రద్దయినను వారి కష్టములు తీరలేదు. పొలములలో శ్రమ మరచుటకు వారు పాడుకొనిన పాటల నుండియు, ప్రార్థనా గీతముల నుండియు ఒక క్రొత్త సంగీతము పుట్టినది. దానికి బ్లూస్ అని పేరు. మనస్సులోని దిగులును దాచక పాడి, ఆ పాటతోనే గుండె బరువు దించుకొనుట దాని స్వభావము. అట్టి గాయకులలో మిసిసిపి జాన్ హర్ట్ ఒకడు.

జాన్ హర్ట్ 1890 తరువాతి తొలి సంవత్సరములలో ఒక పేద కుటుంబమున జన్మించెను. అవలాన్ అను చిన్న పల్లెలో పెరిగెను. చదువు కొద్ది తరగతులతోనే ఆగిపోయెను. బాల్యముననే అతనికి గిటారు లభించెను. నేర్పు గురువు లేడు. తనకు తానే వ్రేళ్లతో తీగలు మీటుచు వాద్యమును వశపరచుకొనెను. బొటనవ్రేలు మందర స్వరములపై నిలుకడగా తాళము నడుపుచుండగా, తక్కిన వ్రేళ్లు పై తీగలపై రాగమును పలికించెడివి. చూడక వినువారు ఇరువురు వాయించుచున్నారని భ్రమపడవలసినదే. అతని గొంతు మృదువైనది. కేకలు లేవు, ఆర్భాటము లేదు.

పగలు పొలమున కూలి, రాత్రి ఇరుగుపొరుగువారి వేడుకలలో పాట. ఇట్లు సాగుచున్న అతని బ్రతుకున 1928లో ఒక అవకాశము కలిగినది. ఆ ప్రాంతమున విల్లీ నార్మర్ అను తెల్లజాతి ఫిడేలు విద్వాంసుడు ఉండెను. అతడు హర్ట్ విద్యను ఎరిగినవాడు గనుక ఓకే అను గ్రామఫోను కంపెనీవారికి అతనిని గూర్చి చెప్పెను. హర్ట్ ఫిబ్రవరిలో మెంఫిస్ నగరమునకును, డిసెంబరులో న్యూయార్కునకును పోయి పాడెను. ఆ మహానగరమున ఉన్నప్పుడు అతని మనస్సు ఇంటి మీదనే ఉండెను. అవలాన్ తన ఊరని చెప్పుచు ఒక పాట కట్టి, దానిని కూడ రికార్డు చేయించెను.

ఆ రికార్డులు అంతగా అమ్ముడుపోలేదు. 1929లో అమెరికాను గొప్ప ఆర్థిక మాంద్యము ఆవరించెను. హర్ట్ పిలుపునకై ఎదురుచూడక మరల పల్లె చేరి నాగలి పట్టెను, పశువులను మేపెను, భార్యాబిడ్డలను పోషించెను. ముప్పది సంవత్సరములకు పైగా గడచిపోయెను. ఆ ఊరివారికి తప్ప అతని గానము మరియెవరికిని తెలియదు.

1952లో ప్రాచీన జానపద గీతముల సంకలనమొకటి వెలువడెను. అందు హర్ట్ పాటలు రెండు ఉండెను. వానిని విని యువకులనేకులు ముగ్ధులైరి. కాని ఆ గాయకుడు ఎన్నడో మరణించియుండునని వారు తలచిరి. వాషింగ్టన్ నగర ప్రాంతపు యువకుడైన టామ్ హాస్కిన్స్ మాత్రము అట్లు సరిపెట్టుకొనలేదు. ఊరిపేరు చెప్పు ఆ పాత పాట అతని చెవిని పడినది. క్రొత్త పటములలో అవలాన్ కానరాలేదు. చివరకు ఒక ప్రాత పటమున ఆ పేరు దొరకెను. 1963లో అతడు ఆ పల్లెకు పోయి విచారింపగా, జాన్ హర్ట్ ఇంటికి దారి చూపిరి!

అవి మిసిసిపిలో నల్లవారిని హీనముగా చూచిన దినములు. పరదేశియైన తెల్లవాడు తన పేరు అడుగుచు రాగా, ప్రభుత్వపు పోలీసు కాబోలునని డెబ్బది ఏండ్ల ఆ వృద్ధుడు భయపడెను. అప్పటికి అతని ఇంట గిటారు కూడ లేదు. వచ్చినవాడు తన గిటారు నందిచ్చి పాడుమని కోరెను. వ్రేళ్లు పాత త్రోవను మరువలేదు.

ఆ వేసవిలోనే న్యూపోర్టు జానపద సంగీతోత్సవమున వేలకొలది జనుల ఎదుట హర్ట్ పాడెను. అమెరికా జాతీయ గ్రంథాలయమువారు అతని పాటలను భద్రపరచిరి. విశ్వవిద్యాలయముల విద్యార్థులు అతని చెంత కూర్చుండి వ్రేళ్ల కదలికలను పరిశీలించిరి. కీర్తి వచ్చినప్పుడు గర్వము గాని, పోయిన కాలమును గూర్చి కోపము గాని అతడు చూపలేదు. మూడేండ్లు ఈ విధముగా పాడి, 1966 నవంబరు 2వ తేదీన మిసిసిపిలోనే కన్నుమూసెను.

విద్యకు తగిన ఫలము అతనికి జీవితాంతమున గాని దక్కలేదు. ఆ ఆలస్యమునకు పేదరికము, జాతిభేదము కారణములు. అయినను ఫలము లేదని అతడు విద్యను చులకన చేయలేదు. పటములు మరచిన పల్లెను అతని పాట మరువలేదు. ముప్పదియైదేండ్లు కాచుకొని, ఆ పాటయే లోకమును అతని గుమ్మమునకు తోడుకొని వచ్చెను.